పేరు పడిందా?

మా నాన్న దృష్టిలో ఇంగ్లీషు సినిమా అంటే మెకన్నాస్ గోల్డ్ ఒక్కటే. మిగతావి ఉన్నాయని తెలుసు గానీ ఆయన లెక్కలోకి రావు. తెనాలిలో ప్యాసింజర్ ఎక్కి బెజవాడ వెళ్లి మూడుసార్లు చూశారట. ఒక్క డైలాగూ అర్థం కాలేదని ఆయనే ఒప్పుకుంటారు. "అర్థం కావడానికి ఏముందిరా? ముందు రాబందు ఎగురుద్ది. మధ్యలో గుర్రాలు. ఆఖర్న కొండ కూలుద్ది. బంగారం ఎవడికీ దక్కదు." ఆ చివరి ముక్క మాత్రం తప్పు. హీరో గ్రెగరీ పెక్ ఎక్కి వెళ్లిపోయే గుర్రం జీను సంచుల్లో బోలెడు బంగారం ఉంటుంది. ఆఖరి రైలు అందుకోవాలని మూడుసార్లూ నాన్న కొండ కూలగానే లేచి ఉంటారని నా అనుమానం.

1969లో వచ్చిన ఆ సినిమా అమెరికాలో చతికిలబడింది. మన దేశంలో మాత్రం తిరిగి తిరిగి విడుదలై ఏళ్ల తరబడి ఆడింది. 1971లో కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు వచ్చింది. ఆరుద్ర రాసిన ఆ కౌబాయ్ కథలో ఇటాలియన్ వెస్టర్న్‌ల వాసన ఉంది, మెకన్నాస్ గోల్డ్ నిధి వేట వాసనా ఉంది. అంటే మన బుర్రిపాలెం బుల్లోడు గుర్రం ఎక్కడం వెనక కార్ల్ ఫోర్‌మన్ అనే షికాగో మనిషి చెయ్యి కూడా కాస్త ఉందన్నమాట. మెకన్నాస్ గోల్డ్‌కి స్క్రీన్‌ప్లే రాసిందీ, సంగీత దర్శకుడు దిమిత్రి టియోంకిన్‌తో కలిసి నిర్మించిందీ ఆయనే. నాన్న ఆ పేరు ఎప్పుడూ వినలేదు. చాలాకాలం నేనూ వినలేదు.

విన్నాక చదివాను. చదివిన కొద్దీ ఒక సంగతి చిరాకు పుట్టించింది. ఫోర్‌మన్ గురించి రాసేవాళ్లు ఎక్కువమంది ఆయన్ని రెండు ముక్కలు చేస్తారు. హై నూన్ రాసి, కమ్యూనిస్టులన్న అనుమానంతో సినిమావాళ్లకి పని లేకుండా చేసిన బ్లాక్‌లిస్ట్‌కి బలైపోయిన మంచి రచయిత ఒకడు. లండన్ చేరి, భారీ సినిమాలు తీసి, డబ్బు చేసుకున్న నిర్మాత ఇంకొకడు. మొదటివాడికి దండ, రెండోవాడికి చురక. నాకు ఈ పంపకం నచ్చదు. మొదటివాడికి జరిగిందాని వల్లే రెండోవాడు పుట్టాడని నా వాదన. సినిమాలో రచయిత పేరు పడాలా వద్దా అనేది డబ్బు పెట్టేవాడి చేతిలో ఉంటుందని ఫోర్‌మన్‌కి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అందుకే ఆయన ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు.

ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ సెగ నాకూ కొంచెం తగిలింది. పదిహేనేళ్ల కిందట కృష్ణానగర్‌లో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్లం. ఒక డైలీ సీరియల్‌కి నేను ఘోస్ట్‌గా డైలాగులు రాసేవాణ్ణి. సీరియల్ పేరూ, టైటిల్స్‌లో పేరు పడ్డ పెద్దాయన పేరూ ఇక్కడ అనవసరం. ఎపిసోడ్‌కి 700 రూపాయలు, కవర్లో పెట్టి ఇచ్చేవారు. పొద్దున సీన్ ఆర్డర్ వచ్చేది, మధ్యాహ్నం మూడింటికల్లా పేపర్లు సెట్‌కి వెళ్లాలి. పద్నాలుగు నెలలు అలా నడిచింది. సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ పక్కింటివాళ్లని కూడా పిలిచి టీవీ పెట్టింది. టైటిల్స్ మొదలయ్యాయి. 'మాటలు' అని కార్డు పడింది, మహా అయితే రెండు సెకన్లు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుంటూ "నీ పేరేదిరా?" అంది. స్పీడుగా వెళ్లిపోయిందమ్మా అన్నాను. మర్నాడు సాయంత్రం ఐదు నిమిషాల ముందే వచ్చి టీవీకి దగ్గరగా పీట వేసుకుని కూర్చుంది.

నాది చిన్న గొడవ. తిండికి లోటు రాలేదు, ఎవరూ దేశద్రోహి అనలేదు. ఫోర్‌మన్ది వేరే సంగతి.

ఆయన 1914లో షికాగోలో పుట్టాడు. రష్యా నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబం. లా చదువు సగంలో వదిలేసి హాలీవుడ్ దారి పట్టాడు. 1938లో భార్యతో కలిసి కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. అమెరికాలో మాంద్యం ఇంకా వదల్లేదు, జర్మనీలో హిట్లర్ పెరిగిపోతున్నాడు. ఆ రోజుల్లో అలా చేరిన రచయితలు బోలెడుమంది. యుద్ధంలో సైన్యం కోసం దర్శకుడు ఫ్రాంక్ కాప్రా యూనిట్లో పనిచేశాడు. తిరిగొచ్చాక స్టాన్లీ క్రేమర్ కంపెనీలో కుదురుకున్నాడు. తక్కువ డబ్బుతో గట్టి సినిమాలు తీసే కుర్రాళ్ల జట్టు అది. 1949లో ఛాంపియన్, హోమ్ ఆఫ్ ది బ్రేవ్, 1950లో ద మెన్. యుద్ధంలో కాళ్లు చచ్చుబడ్డ సైనికుడిగా మార్లన్ బ్రాండో మొదటిసారి తెర మీద కనిపించింది ఆ ద మెన్ లోనే. వీటిలో రెండిటికి ఫోర్‌మన్‌కి ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అప్పటికి పార్టీలోంచి బయటికి వచ్చేశాడు కూడా.

1951 వేసవిలో హై నూన్ స్క్రిప్ట్ రాస్తూ ఉండగా సమన్లు వచ్చాయి. అమెరికా వ్యతిరేక కార్యకలాపాల మీద విచారణ జరిపే కాంగ్రెస్ కమిటీ ముందు హాజరవ్వాలని. ఆ కమిటీ పద్ధతి అప్పటికి అందరికీ తెలిసిందే. నువ్వు పార్టీలో ఉన్నావా అని అడుగుతారు. ఉన్నానంటే, నీతో ఇంకెవరెవరున్నారో పేర్లు చెప్పమంటారు. చెప్తే పని దొరుకుతుంది. చెప్పకపోతే ఏ స్టూడియో గేటూ తెరుచుకోదు. ఎదురు తిరిగిన పదిమందిని 1950లోనే జైల్లో పెట్టారు. కమిటీకి కావలసిన పేర్లు నిజానికి ముందే వాళ్ల దగ్గర ఉండేవి. తెలుసుకోవడం కోసం కాదు అడగడం, నీ నోటితో చెప్పించడం కోసం.

ఆ భయం స్క్రిప్ట్‌లోకి దిగింది. హై నూన్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. జైలుకి పంపిన రౌడీ పన్నెండింటి రైలుకి తిరిగొస్తున్నాడు. ఊరి కాపలా చూసే మార్షల్ విల్ కేన్‌కి ఆ పొద్దునే పెళ్లయింది. ఊళ్లో సాయానికి ఒక్కడూ రాడు. అందరూ ఆఖరి కాల్పుల గురించి చెప్తారు గానీ, నాకు ఎప్పటికీ గుర్తుండేది ఒక తలుపు దగ్గర జరిగే సీను. కేన్ స్నేహితుడు శామ్ ఇంటికి వస్తుంటాడు. శామ్ అతన్ని కిటికీలోంచి చూసి, ఇంట్లో లేనని చెప్పమని భార్యని తలుపు దగ్గరికి పంపిస్తాడు. ఆవిడకి ఇష్టం లేదు. అయినా వెళ్లి, చర్చికి వెళ్లాడని చెప్తుంది. కేన్‌కి అర్థమవుతుంది. అర్థమైందని ఆవిడకీ అర్థమవుతుంది. అతను వెళ్లిపోయాక శామ్ లోపలి నుంచి వచ్చి భార్య మీదే విరుచుకుపడతాడు, ఏం, నువ్వు విధవరాలివి కావాలా అని. అప్పులవాళ్లు వచ్చినప్పుడు పిల్లల చేత 'నాన్న ఊళ్లో లేరు' అని చెప్పించిన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ సీను వివరించక్కర్లేదు.

చర్చి సీను ఇంకా దారుణం. మేయర్ లేచి కేన్‌ని ఆకాశానికి ఎత్తేస్తాడు, నీ అంత మంచి మార్షల్ లేడంటాడు. మాట ముగిసేసరికి, నువ్వు ఊరు వదిలిపోవడమే అందరికీ మంచిదని తేల్చేస్తాడు. ఆ నెలల్లో స్నేహితులు, భాగస్వాములు తనతో అన్న మాటలనే చాలావరకు స్క్రిప్ట్‌లో పెట్టానని ఫోర్‌మన్ తర్వాత చెప్పాడు. వచ్చి కౌగిలించుకుని, నీ వైపే ఉన్నామని చెప్పి, కాస్త దూరంగా ఉండమనేవాళ్ల మాటలు అవి. ఇలాంటి మాటల్ని ఊహించి రాయడం కష్టం. వినాలి.

సెప్టెంబర్ 5న షూటింగ్ మొదలైంది. 24న ఫోర్‌మన్ కమిటీ ముందు కూర్చున్నాడు. ఇప్పుడు సభ్యుణ్ణి కానన్నాడు. 1950లో రైటర్స్ గిల్డ్ బోర్డు సభ్యుడిగా అదే మాట మీద ప్రమాణపత్రం ఇచ్చానన్నాడు. అంతకుముందు సంగతి చెప్పనని, తనకి వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పక్కర్లేదనే రాజ్యాంగపు ఐదో సవరణ చాటుకి వెళ్లాడు. ఎవరి పేరూ చెప్పలేదు. ఇతరుల పేర్లు చెప్పనన్నందుకు తన పేరు పోగొట్టుకున్నాడు.

క్రేమర్ కంపెనీ అప్పుడే కొలంబియా స్టూడియోతో పెద్ద ఒప్పందం కుదుర్చుకుని ఉంది. ఫోర్‌మన్‌ని వదిలించుకోవాలనుకున్నారు. ఇక్కడ ఒక కాగితం అడ్డం పడింది. సినిమాకి బ్యాంకు అప్పు తీసుకున్నారు. పారితోషికంలో కొంత తర్వాత తీసుకుంటానని ఒప్పుకునే పత్రం మీద ఫోర్‌మన్ ఇంకా సంతకం పెట్టలేదు. ఆయన సంతకం లేకపోతే అప్పుకే ఇబ్బంది. దర్శకుడు ఫ్రెడ్ జినెమన్, హీరో గ్యారీ కూపర్, డబ్బు పెట్టిన బ్రూస్ చర్చ్ ముగ్గురూ ఫోర్‌మన్ వైపు నిలబడ్డారు. ఈ చర్చ్ సినిమా మనిషి కూడా కాదు, కాలిఫోర్నియా సలీనాస్‌లో లెట్యూస్ ఆకుకూర పండించే రైతు. షూటింగ్ అయ్యేదాకా ఫోర్‌మన్ ఉన్నాడు. తర్వాత లెక్క తేల్చి పంపేశారు. తెర మీద స్క్రీన్‌ప్లే కింద పేరు ఉంచారు, అసోసియేట్ ప్రొడ్యూసర్‌గా పడాల్సిన పేరు తీసేశారు.

కూపర్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. రాజకీయాల్లో ఆయన ఫోర్‌మన్‌కి పూర్తిగా ఎదురు పక్షం. 1947లో అదే కమిటీ ముందు వాళ్లకి కావలసిన సాక్షిగా వెళ్లి కూర్చున్నవాడు. అలాంటివాడు ఫోర్‌మన్ కొత్తగా పెట్టబోయే కంపెనీలో చేరతానని పైకే చెప్పాడు. పత్రికలు, తోటి నటులు మీద పడ్డాక వెనక్కి తగ్గాల్సి వచ్చింది. ఫోర్‌మన్ ఆయన్ని తప్పు పట్టలేదు, సాయం చెయ్యబోయిన పెద్దవాడు ఆయనొక్కడేనని చెప్పుకున్నాడు. కౌబాయ్ సినిమాల స్టార్ జాన్ వేన్ దారి వేరు. 1971లో ఒక పత్రికా ఇంటర్వ్యూలో, ఫోర్‌మన్‌ని దేశం నుంచి తరమడానికి సాయపడ్డందుకు ఎప్పటికీ బాధపడనని చెప్పాడు. హై నూన్ అంటేనే ఆయనకి మంట. 1953 ఆస్కార్ వేడుకలో కూపర్‌కి ఉత్తమ నటుడి అవార్డు వస్తే, కూపర్ ఊళ్లో లేకపోవడంతో స్టేజి ఎక్కి అందుకున్నది ఎవరనుకున్నారు? ఈ జాన్ వేనే. పైగా ఆ పాత్ర నాకెందుకు రాలేదని జోకు కూడా వేశాడు. స్క్రీన్‌ప్లేకి నామినేట్ అయిన ఫోర్‌మన్‌కి అవార్డు రాలేదు. అప్పటికి ఆయన లండన్‌లో ఉన్నాడు.

క్రేమర్‌ని విలన్ చేసేస్తే కథ సులువవుతుంది. నాకు అలా చెయ్యబుద్ధి కాదు. 1958లో ఆయన తీసిన ద డిఫయంట్ వన్స్ రాసిన ఇద్దరిలో నెడ్రిక్ యంగ్ బ్లాక్‌లిస్ట్‌లో ఉన్నవాడు. సొంత పేరు వెయ్యడానికి లేదు, నేథన్ డగ్లస్ అనే దొంగ పేరు వేశారు. ఆ సినిమా మొదట్లో ఇద్దరు ట్రక్కు డ్రైవర్లు కనిపిస్తారు. ఆ రచయితలిద్దరూ వాళ్లే. సరిగ్గా వాళ్ల మొహాల మీద రచయితల టైటిల్ కార్డు పడుతుంది. పేరు అబద్ధం, మొహం నిజం. ఫోర్‌మన్ పేరు తీయించిన మనిషే ఏడేళ్ల తర్వాత ఈ పని చేశాడు. పశ్చాత్తాపమో, కాలం మారిందో, ధైర్యం వచ్చిందో, మీరే అనుకోండి.

లండన్‌లో మొదటి ఏళ్లు గడ్డుగా గడిచాయి. అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు లాగేసుకుంది. 1954లో ద స్లీపింగ్ టైగర్ అనే సినిమాకి పనిచేస్తే రచయితగా డెరెక్ ఫ్రై అని పడింది. దర్శకుడు జోసెఫ్ లోజీ కూడా బ్లాక్‌లిస్ట్ బాధితుడే, ఆయన పేరు బదులు ఇంకొకరి పేరు వేశారు. రాసినవాడి పేరు కాదు, తీసినవాడి పేరు కాదు. టికెట్ కొన్నవాడి డబ్బు మాత్రం అసలుది.

ఆ తర్వాత ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్. పియర్ బూల్ ఫ్రెంచి నవల సినిమాగా పనికొస్తుందని ముందే పసిగట్టి స్క్రిప్ట్ రాసినవాడు ఫోర్‌మన్. దర్శకుడు డేవిడ్ లీన్‌కి ఆ స్క్రిప్ట్ నచ్చలేదు, ఇద్దరికీ పడలేదు. ఫోర్‌మన్ తప్పుకున్నాక వచ్చి తిరగరాసిన మైకేల్ విల్సన్ కూడా బ్లాక్‌లిస్ట్ మనిషే. సిలోన్ అడవుల్లో కెలనీ నది మీద వంతెన కట్టి, కూల్చి, 1957లో సినిమా విడుదల చేశారు. స్క్రీన్‌ప్లే అని ఎవరి పేరు పడిందంటే, పియర్ బూల్ పేరు. ఆయన ఇంగ్లీషులో రాసేవాడే కాదు. 1958 మార్చిలో ఆ సినిమాకి ఏడు ఆస్కార్లు వచ్చాయి, అందులో స్క్రీన్‌ప్లేది ఒకటి. బూల్ వేడుకకి రాలేదు. ఆయన తరఫున నటి కిమ్ నొవాక్ అందుకుంది. ఇదే విల్సన్‌కి అంతకుముందు ఏడాది ఇంకో అవమానం జరిగింది. ఫ్రెండ్లీ పర్సుయేషన్ సినిమాకి స్క్రీన్‌ప్లే రాసినవాడి పేరే వెయ్యకుండా విడుదల చేశారు, ఆ పేరులేని స్క్రీన్‌ప్లే నామినేట్ అయింది. గాలిలోంచి ఊడిపడ్డ స్క్రిప్ట్ అన్నమాట.

క్వాయ్ స్క్రిప్ట్‌లో ఫోర్‌మన్ వాటా ఎంత, విల్సన్ వాటా ఎంత అనే గొడవలోకి నేను దిగను. సినిమా చూస్తే విల్సన్ చెయ్యే ఎక్కువనిపిస్తుంది. కానీ ముందు ఆ నవల పట్టుకుని తిరిగింది ఫోర్‌మనే. మన పరిశ్రమలో పనిచేసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. ఒక వెర్షన్ ఒకరు రాస్తారు, ఇంకొకరు మారుస్తారు, మూడోవాడు సెట్లో డైలాగ్ తిప్పుతాడు. ఆఖరికి టైటిల్ కార్డు టైపు చేసేవాడికి ఎవరు ఫోన్ చేస్తే వాళ్ల పేరు పడుతుంది.

ఇక్కడి నుంచే ఆ రెండో ఫోర్‌మన్ మొదలవుతాడు. 1956 ఆగస్టులో ఆయన మళ్లీ కమిటీ ముందుకి వెళ్లాడు, ఈసారి తలుపులు మూసిన గదిలో. తన గతం గురించి చెప్పాడు, పార్టీతో తెగతెంపులు అయ్యాయన్నాడు, ఒక్క పేరు మాత్రం చెప్పలేదు. పాస్‌పోర్టు తిరిగొచ్చింది, కొలంబియాతో ఒప్పందం కుదిరింది. వామపక్ష స్నేహితులు కొందరు అనుమానంగా చూశారు. అవతలి పక్షం, పేర్లు చెప్పకుండా ఎలా వదిలేశారని కమిటీ మీదే ఎగిరింది. హై నూన్ రాసినవాడు ఇలా గదిలో మాట్లాడుకుని రావడమేమిటని ఇప్పటికీ మూతి విరిచేవాళ్లున్నారు. వాళ్లని ఒకటే అడగాలనిపిస్తుంది. ఒక్కడికీ ద్రోహం చెయ్యకుండా బయటపడ్డాడు కదా, ఇంకేం చెయ్యాలి, చచ్చిపోవాలా? విల్ కేన్ పాత్ర రాసినంత మాత్రాన రచయిత కూడా నడివీధిలో తుపాకీ పట్టుకుని నిలబడాలని ఎక్కడుంది?

ఆ తర్వాత ఆయన సినిమాల టైటిల్స్ చూడండి. 1958లో ద కీ, సోఫియా లారెన్ హీరోయిన్, రచన నిర్మాణం ఫోర్‌మన్. 1961లో ద గన్స్ ఆఫ్ నవరోన్, రచన నిర్మాణం ఫోర్‌మన్. ఏడు ఆస్కార్ నామినేషన్లు, పెద్ద హిట్టు. 1963లో ద విక్టర్స్‌కి రచన, నిర్మాణం, దర్శకత్వం కూడా ఆయనే. దర్శకుడిగా అదొక్కటే. ఆడలేదు. ఆ సినిమాలో ఒక సీను ఉంది. మంచు కప్పిన బయలు, క్రిస్మస్ ముందు రోజు. సైన్యం నుంచి పారిపోయిన ఒక అమెరికన్ కుర్రాణ్ణి గుంజకి కట్టి కాల్చేస్తారు, వెనక సినాత్రా గొంతులో క్రిస్మస్ పాట. నవరోన్ డబ్బు లేకపోతే ఆ సీను తీయడానికి ఏ స్టూడియో చెక్కు రాసేది కాదు. కమర్షియల్ సినిమాలు తీసి పాడైపోయాడనేవాళ్లు దీన్ని ఏ ఖాతాలో వేస్తారో మరి.

అలాగని అన్నీ గొప్పవే అనను. మెకన్నాస్ గోల్డ్ స్క్రిప్ట్ ఒట్టి అతుకుల బొంత. మూడు గంటల సినిమాని స్టూడియో రెండు గంటల చిల్లరకి కోసేశాక మిగిలింది అది. పెక్‌కీ నచ్చలేదు. కానీ ఆ ఎడారి షూటింగ్‌కి ఫోర్‌మన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల నుంచి ఫిల్మ్ విద్యార్థులని పిలిచి, తలా ఒక చిన్న సినిమా తీసుకోమన్నాడు. అందులో ఒకడు పెద్ద స్టార్లని పట్టించుకోకుండా ఎడారినీ, మబ్బుల్నీ తీసుకుని వెళ్లాడు. వాడి పేరు జార్జ్ లూకస్, తర్వాత స్టార్ వార్స్ తీసినవాడు.

1972లో యంగ్ విన్‌స్టన్ రాసి నిర్మించాడు, ఇంకో నామినేషన్. బ్రిటన్ అంతకుముందే బిరుదు ఇచ్చి గౌరవించింది. 1975లో అమెరికా తిరిగొచ్చాడు. 1984 జూన్‌లో బెవర్లీ హిల్స్‌లో, మెదడులో కణితితో పోయాడు. విల్సన్ 1978లోనే పోయాడు. ఆ తర్వాత ఆస్కార్లు ఇచ్చే అకాడమీ మేలుకుని, క్వాయ్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ ఫోర్‌మన్, విల్సన్‌లదని తేల్చింది. 1985లో ఇద్దరి భార్యలూ వచ్చి ఆ బొమ్మలు తీసుకున్నారు. సినిమా కొత్త ప్రింట్లలో పేర్లు మార్చారు. కావాలంటే చూడండి, వంతెన కూలడం వెతికినంత తేలిక కాదు ఆ కార్డు పట్టుకోవడం.

పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు నాన్నకి మెకన్నాస్ గోల్డ్ మళ్లీ పెట్టాను, ఈసారి ఇంట్లో టీవీలో. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు, అయినా కుర్చీ ముందుకి జరుపుకున్నారు. పాట మొదలైంది. పేర్లు పడుతున్నాయి. ఫోర్‌మన్ పేరు రాగానే రిమోట్ నొక్కి ఆపాను. "నాన్నా, ఇదిగో, ఇది రాసినాయన పేరు. దీని కోసం ఈయన..." అని మొదలుపెట్టాను.

"సరేలేరా, తియ్యి, తియ్యి," అన్నారు నాన్న. "రాబందు ఆగిపోయింది."